మందుల జాడీ మీది నీలిపూలు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానన్నది కూడా పూర్తి నిజం కాదేమో. చాలాకాలం దాన్ని నగలా పెట్టుకుని తిరిగాను.

పగిలిన పాత పింగాణీని అతికించి బాగుచేయడం నా వృత్తి. అప్పట్లో ఖతార్‌లో, దోహా నగరంలోని మదీనత్ ఖలీఫా పేటలో, పాత వస్తువులు సేకరించే ఒక పెద్దమనిషి ఇంట్లో పనిచేసేదాన్ని. ఒకప్పటి మందులవాళ్ళు లేపనాలూ ఎండు మూలికలూ దాచుకున్న డమాస్కస్ జాడీ ఒకటి ఆయన దగ్గర ఉండేది. సన్నటి నడుము, తెల్లటి ఒంటి మీద నీలిపూలు. నా చేతికి వచ్చేసరికి పదకొండు ముక్కలు. అన్నీ అతికించాను. అరచేతంత భాగం దొరకలేదు. అక్కడ ప్లాస్టర్ నింపాను. పూలు మాత్రం నాకు లొంగలేదు. మూడు వారాలు వేసి తుడిచాను. గీత తప్పు కాదు, కానీ భయపడుతూ గీసినట్టుండేది.

ఆ ఇంటి గోడలకు రంగులు వేయడానికి సాయన్న వచ్చాడు. నిర్మల్‌లో తరతరాలుగా బొమ్మలకు రంగులద్దే ఇంటివాడు. ఒక మధ్యాహ్నం నా వెనక నిలబడి చూశాడు.

"గా వంపు ఆగకుంట తిరగాలె మేడం. జర కుంచె ఇయ్యుర్రి."

ఇచ్చాను. ఊపిరి బిగబట్టి ఒక్కో రేకనూ ఒక్క గీతలో తేల్చేశాడు. పక్కనున్న పాత పువ్వుకు అది తోబుట్టువే. నేను పొంగిపోయాను, మనవాడి చెయ్యి అని.

మరి జాడీని ఎవరు, ఎలా బాగుచేశారో రాసిపెట్టే నివేదికలో నా పేరొక్కటే ఎందుకు రాశాను? గోడల పెయింటర్ చేత వేయించానంటే యజమాని కోప్పడతాడనా? ఆ సాకుతో ఏళ్ళకేళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. భయం కాదు. ఆ పూలు నావి కావాలనిపించింది, అంతే.

గోడల పని ముగించి వెళ్ళేరోజు అతనే అడిగాడు.

"కాయితంల నా పేరు రాసిండ్రా మేడం?"

"రాశాను సాయన్నా."

"మా ఇంట్ల చెప్త, దుబాయ్‌ల నా పేరు కాయితమెక్కిందని. ఆళ్ళకు ఖతార్ అంటె ఎరుకలేదు," అని నవ్వాడు.

ఆ జాడీని చూసే నాకు పెద్ద ఉద్యోగం ఇచ్చారు. కొత్త భాగం ఏదో పోల్చుకోలేక నిపుణులు నన్నే అడిగేవారు. తలెత్తుకుని చూపించేదాన్ని. ఇప్పటికీ దాన్ని చూస్తే ముందు గర్వమే వస్తుంది. సిగ్గు తర్వాత వస్తుంది.

సాయన్న ఊరెళ్ళిపోయాడు. నంబరు మారింది. గట్టిగా వెతికానా? లేదు. నివేదిక దిద్దమని నిన్న యజమానికి రాశాను. జవాబు రాలేదు. మీరు క్షమించినా అది చెల్లదు, మోసపోయింది మీరు కాదు. అయినా ఇలా చెబుతుంటే గుండె కాస్త తేలికపడుతోంది.

ఆ పూలు నేను వేయలేదు. నిర్మల్ సాయన్న వేశాడు. ఎంత బాగా వేశాడో మీరు చూడాలి.