రాజన్న కట్టిన జత

మా బావమరిది రాజన్నను కరెంటు పనిలో పెట్టింది నేనే. ఏడో తరగతి పాసైనవాణ్ణి, కథలాపూర్‌లో మా వాడకు మొదటి బోరు మోటరు తెప్పించినవాణ్ణి. కల్లుగీతకు తాళ్లెక్కే ఇంట్లో పుట్టిన రాజన్న నా సైకిలు మీదే కోరుట్లకు పోయి మోటర్లు చుట్టడం నేర్చుకున్నాడు. రాయికల్ నుంచి ముత్యంపేట దాకా కాలిన మోటర్లన్నీ ఆయన దుకాణానికే వచ్చేవి. ఆయన తీగెల కొసలను రెండేసి జతకట్టి దారం చుడితే ఆ మోటరు మళ్లీ వచ్చేది కాదు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటరు కాలుతుంది. అది కాలితేనే రాజన్న ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆయన బిడ్డ భాగ్య పెద్ద చదువు చదివి ఆరు ఫేజుల మోటరు చేసింది. లోపల అయస్కాంతాలు, పక్కన ఒక పెట్టె. మరుక్షణం ఏ తీగెలో ఎంత కరెంటు పారుతుందో పెట్టె ముందే అంచనా వేసి, దాన్నిబట్టి మోటరును నడుపుతుంది. సిరిసిల్లలో సాంచల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు ఆసామి, ఒక మగ్గాన్ని దానితో నడిపి చూపమన్నాడు. నడిస్తే భాగ్యకు అక్కడే పని.

"ఒక్క తీగె తెగినా మిగిలినయి లాగుతయి బాపూ."

"తెగిన తీగెతోని మోటరు నడుసుడు నేను పుట్టి సూడలే. మోటర్లు కాలకుంటే నేనేం తినాలె బిడ్డా?"

"నేను పెడ్త తియ్యి."

నడిపి చూపాల్సిన రోజు పొద్దున భాగ్య పెట్టె తీసుకొని ముందు పోయింది. మేము మోటరును ఆటోలో ఎక్కించబోతుంటే, మూత కింద తీగె ఒకటి తెగి కనిపించింది.

"బిడ్డకు ఫోన్ చెయ్యి" అన్నాను.

"మోటరు గురించి నాకు బిడ్డ చెప్పాల్నా బావా?" అని, తన పాత మోటర్లకు కట్టినట్టే ఆరు కొసలనూ రెండేసి జతకట్టి, దారం చుట్టి, వార్నీషు పూశాడు.

సిరిసిల్లలో స్విచ్ వేయగానే, ఆరు దారుల్లో వేరువేరుగా పోవాల్సిన కరెంటు జతకట్టిన చోట గుద్దుకుంది. పెట్టె అంచనా తప్పింది. మోటరు మూలిగి ఆగింది. పెట్టెలోంచి పొగ లేచింది.

"గిదేనా కాలని మోటరు? నా పాతదే నయం, తీస్కపోండ్రి" అన్నాడు ఆసామి.

భాగ్య మూత విప్పింది. తండ్రి దారాన్ని గుర్తుపట్టింది.

"తెగింది తెగినట్టే ఉంచితే నడుస్తుండె బాపూ."

"పొద్దుగూకేటాల్లకు మల్ల చుట్టి ఇస్త బిడ్డా!"

"చుడితే అయ్యేది కాదు. వేడికి అయస్కాంతాల సత్తువ పోయింది."

భాగ్య ఇప్పుడు హైదరాబాదులో పని వెతుక్కుంటోంది. ఆ మోటరు రాజన్న బల్ల కింద ఉంది. దుకాణానికి ఎవరొచ్చినా నేను ఆయన ఘనత చెబుతూనే ఉంటాను.

"సాలు తియ్యి బావా" అంటాడు, తల ఎత్తకుండా.