ఆరు పండ్ల అధ్యక్షుడు, మా ఊరి బస్సు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ గొంతు ఉండేది. తెలుగులో ఎమ్మే చేశాను (ఆ యేడు మాతో చేరినవాళ్ళంతా పాసయ్యారు, కాబట్టి గొప్పగా చెప్పుకోవడం లేదు). ఆ చదువును ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి మైకు ముందు పెట్టాను. మైదుకూరు చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు జరిగినా వ్యాఖ్యానం నాదే. ఎద్దుల జత బరిలోకి వస్తుంటే వాటి యజమాని ఎవరు, ఊరేది, రెండు పండ్లా ఆరు పండ్లా (ఎద్దు వయసు నోట్లో పండ్లను చూసే చెప్తారు, పోటీల్లో విభాగాలూ వాటిని బట్టే), ఇంతకుముందు ఎక్కడెక్కడ గెలిచాయి, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పాలి. నేను మాట్లాడుతుంటే ఎద్దులు కూడా ఆగి వింటాయని మా పల్లెలో అనేవాళ్ళు. అవి ఆగేది బండ బరువుకేమోనన్న అనుమానం ఆ వయసులో నాకు రాలేదు. నా అసలు పేరు ఊరంతా మర్చిపోయి నన్ను ‘మైకప్ప’ అని పిలిచేది.

మా పల్లె మైదుకూరు నుంచి బాగా లోపలికి ఉంటుంది. దానికి ఒకే ఒక్క ఎర్రబస్సు. పొద్దున్నే మైదుకూరుకు పోతుంది, ఎండ ముదిరేలోగా తిరిగొస్తుంది, సాయంత్రం ఇంకోసారి తిరుగుతుంది. ఆ బస్సు మీద బతికేవాళ్ళలో మొదటి మనిషి మా పెద్దమ్మ. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. రెండు బర్రెలు, ఒక పెద్ద స్టీలు క్యాను, మైదుకూరులో పెరుగు పోయించుకునే కొన్ని ఇళ్ళు, ఒక హోటలు, అంతే ఆమె సంసారం. నా ఎమ్మే కూడా ఆ క్యానులోంచే వచ్చింది. ఆటోలో పోవచ్చు కదా అని ఒకసారి అన్నాను. “పోవచ్చు నాయనా. ఆ గుంతల్లో ఆటో ఎగిరెగిరి పోయేసరికి నా పెరుగు మజ్జిగైతాది. మజ్జిగకు పెరుగు రేటు ఎవురిస్తారప్పా?” అంది.

అట్లాంటి బస్సుకు గండం వచ్చింది. నష్టాలొచ్చే రూట్లను తీసేయాలా ఉంచాలా అని తేల్చడానికి శాసనసభ్యుల రవాణా కమిటీ ఒకటి ఊళ్ళు తిరుగుతోందని, మా బస్సులో స్వయంగా ప్రయాణం చేసి చూస్తుందని కబురు వచ్చింది. డిపో మేనేజరుగారు నన్ను పిలిపించారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, గట్టిగా మాట్లాడితే ఎవరైనా కొడతారేమో అన్నట్టు మెల్లగా మాట్లాడేవారు. “మీ ఊళ్ళోనే సభ పెట్టాం. సభ్యుల్ని నువ్వు పరిచయం చెయ్యాలి. నేపథ్యం, అభిరుచులు, ప్రజలకు చేసిన సేవ, ఈ మూడూ ఉండాలి. తిరునాళ్ళ భాష మాత్రం వద్దు బాబూ” అన్నారు. సరేనన్నాను. ఇంటికి రాగానే పెద్దమ్మ ఒకటే మాట అంది. “నీ గొంతు ఇన్నేండ్లు ఎద్దులకు పనికొచ్చినాది. ఒక్కసారి నాకు పనికిరానీ.”

కమిటీలో వచ్చేవాళ్ళు నలుగురు, ఒక్కరూ మా జిల్లావాళ్ళు కారు. వాళ్ళ నేపథ్యం, అభిరుచులు కనుక్కోవడానికి వరసగా ఫోన్లు చేశాను. మొదటి సభ్యుడికి బెంగళూరుకూ హైదరాబాదుకూ రాత్రిపూట పరిగెత్తే పడక బస్సులు బోలెడున్నాయి. అయితే అవన్నీ భార్య పేరు మీద ఉన్నాయి, అందువల్ల ఆయనకు బస్సులతో ఏ సంబంధమూ లేదని, నిష్పక్షపాతంగా ఆలోచించగలరని ఆయన పీఏ వివరించాడు. అభిరుచి ఏమిటంటే “ప్రజాసేవ రాసుకో” అన్నాడు. రెండో ఆయన కళ్ళ డాక్టరు. పాపం ఆరోగ్య కమిటీ అడిగితే రవాణా ఇచ్చారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ బస్సెక్కితే వాంతులట. అభిరుచి ప్రజాసేవే. మూడో సభ్యురాలి ఫోను ఆమె భర్త ఎత్తాడు. “మేడంగారి అభిరుచులు ఏమిటండీ?” అని అడిగాను. “ఆమె అభిరుచులన్నీ నేను చూసుకుంటా. ప్రజాసేవ అని పెట్టు” అని ఆయన ఫోను పెట్టేశాడు. ఇక అధ్యక్షులవారు. కాలువల కాంట్రాక్టుల్లో పైకొచ్చిన మనిషి, వరసగా గెలుస్తున్న మనిషి. ఆయన పీఏ కూడా ప్రజాసేవ అనే అన్నాడు గానీ ఆయన అసలు పిచ్చి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన ఎద్దుల జతను నేనే ఒక తిరునాళ్ళలో రంగంలోకి దించాను. గెలిచినప్పుడు ఎద్దు మెడ కౌగిలించుకుని ఏడ్చాడు మనిషి. ఓట్లు గెలిచినప్పుడు అట్లా ఏడ్చినట్టు ఎక్కడా వినలేదు. కానీ రవాణా కమిటీ అధ్యక్షుడికి ఎడ్లంటే ఇష్టమని సభలో చెప్తే బాగుండదని కొట్టేసి, నలుగురికీ ప్రజాసేవ అనే రాసుకున్నాను.

ఆ రోజు మైదుకూరు బస్టాండులో మా బస్సుకు అరటి పిలకలు కట్టారు, అద్దానికి పసుపు పెట్టారు. పెద్దమ్మ పెరుగు అమ్ముకుని ఖాళీ క్యానుతో తన సీట్లో కూర్చుంది. ఆమెతోపాటు మందుల సంచులతో ముసలివాళ్ళు, విత్తనాల మూటలతో రైతులు, పిల్లనెత్తుకున్న ఒక బాలింత, బస్సు నిండుగా ఉంది. కమిటీ కంటికి ఇంతకన్నా ఏం కావాలని నేను లోలోపల పొంగిపోయాను. అంతలో కార్ల వరస వచ్చింది. ముందుగా పోలీసులు బస్సెక్కి, “సార్లు కూర్చోవాల, అందరూ దిగండి” అన్నారు. భద్రత అట. ప్రయాణికులందరినీ దించేశారు, సభలో మాట్లాడేవాణ్ణని నన్ను మాత్రం ఉండనిచ్చారు. “మేము ఎక్కితేనే కదప్పా వాళ్ళు సూసేది” అని పెద్దమ్మ అడిగింది. “నువ్వు కిందికి దిగితే వాళ్ళు పైనుంచి సూస్తార్లే” అన్నాడు కానిస్టేబులు. నలుగురు సభ్యులు, సభ్యురాలి భర్త, పూలదండలు పట్టుకున్న అనుచరులు ఎక్కేసరికి బస్సు మళ్ళీ నిండింది. మా కండక్టరు మామ టికెట్టు మిషను పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. సభ్యులకు పాసులున్నాయి. అనుచరులకు సభ్యులున్నారు. ఎవరికీ టికెట్టు కొట్టలేదు.

డాక్టరుగారు మొదటి గుంత దగ్గరే నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పడక బస్సుల సభ్యుడు సీట్లు నొక్కి చూసి, “ఇంత గట్టిగా ఉంటే జనం ఎట్ల ఎక్కుతారప్పా” అని జాలి పడ్డాడు. తర్వాత కండక్టరు మామను పిలిచి, ఈ ట్రిప్పులో ఎన్ని టికెట్లు తెగాయని అడిగాడు. “ఒకటీ తెగల్యా సార్” అన్నాడు మామ, ఉన్నమాట. సభ్యుడు తృప్తిగా తలాడించి కిటికీలోంచి వెనక్కి చూశాడు. నేనూ చూశాను. సభ్యుల కార్లు వాళ్ళను తిరిగి తీసుకుపోవాలి కాబట్టి ఖాళీగా మా వెనకే వస్తున్నాయి. ఖాళీగా కాదు. బస్టాండులో నిలబడిపోయిన మా జనాన్ని చూసి డ్రైవర్లు, ఎటూ అక్కడికే పోతున్నాం ఎక్కండని ఎక్కించుకున్నారు. అధ్యక్షులవారి నల్ల కారు వెనక సీట్లో మా పెద్దమ్మ, ఒళ్ళో క్యాను పెట్టుకుని, దర్జాగా కూర్చుని ఉంది. పక్కనే బాలింత. పెద్దమ్మ నన్ను చూసి చెయ్యి కూడా ఊపింది. “చూసినారా అన్నా” అన్నాడు పడక బస్సుల సభ్యుడు అధ్యక్షుడితో. “బస్సులో ఒక్క ప్యాసింజరు ల్యాడు. పల్లెవాళ్ళు ఏసీ కార్లలో తిరుగుతాండారు. ఈ రూటు ఎవురికి కావాలన్నా?” ఆ కార్లు తమవేనని వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. కార్లకు దుమ్ము అంతగా పట్టింది మరి, అధ్యక్షులవారు కూడా తన కారును పోల్చుకోలేక, “అవునప్పా, శానా మారిపోయినారు జనం” అన్నారు.

ఆ మాట చెవిలో ఉండగానే బడి ముందు షామియానాలో నా చేతికి మైకు వచ్చింది. వేదిక మీద సోఫాలు ఇద్దరిద్దరికి ఒకటిగా వేశారు. వాళ్ళు జతలు జతలుగా కూర్చున్నారు, సభ్యురాలి పక్కన ఆమె భర్త, చివరి సోఫాలో డాక్టరుగారు ఒక్కరే. ఎదురుగా మా ఊరు. ముందు వరసలో పెద్దమ్మ. నేను రాసుకున్న ‘ప్రజాసేవ’ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత నోట్లోంచి వచ్చింది నాకు బాగా అలవాటైన ముక్కే. “వస్తున్నాయి, బరిలోకి వస్తున్నాయి. మొదటి కాడి. ఎడమ పక్క ఆరు పండ్ల విభాగం, ఎదురులేని గిత్త, దిగిన ప్రతి బరిలోనూ గెలుపే. కాలువల కాంట్రాక్టులన్నీ ఒంటి మెడతో లాగి అవతల పారేసిన ఘనత వీరిది. వలపక్క, రాత్రిపూట మాత్రమే లాగే గిత్త. పొద్దు గుంకాక కడపలో కాడి కడితే తెల్లారేసరికి బెంగళూరు.” డిపో మేనేజరుగారు కుర్చీలోంచి సగం లేచి అట్లాగే ఉండిపోయారు. నేను ఆగలేదు. ఆగడం నాకు చేతకాదు. “రెండో కాడి. ఇదీ జతంటే, బండ లాగేది ఒకరు, బహుమతి మీద పేరు ఒకరిది” అన్నాను, సభ్యురాలినీ ఆమె భర్తనూ చూపించి. ఆ భర్త లేచి దండం పెట్టాడు. సభ్యురాలు మాత్రం ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వింది. “ఇక చివరిది పాలపండ్ల విభాగం. మొదటిసారి రంగంలో దిగింది. కొంచెం బెదురుంది, జనం పక్కకు జరగాల, పక్కకు జరగాల” అంటుండగానే డాక్టరుగారు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వేదిక వెనక్కి పరిగెత్తారు. జనం నిజంగానే పక్కకు జరిగారు.

నా పని అయిపోయిందనుకున్నాను. కానీ అధ్యక్షులవారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. కళ్ళు మెరుస్తున్నాయి. “ఈ గొంతు నాకు తెలుసు. ఆ తిరునాళ్ళలో నా గిత్తలను తోలించింది నువ్వే కదప్పా. మీ ఊర్లో మంచి జత యాడన్నా ఉండాదా?” అని అడిగారు. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఒక జతను బిడ్డల కన్నా ఎక్కువగా మేపుతున్నాడు. అంతే. అధ్యక్షులవారు పంచె ఎగ్గట్టి కొట్టం దారి పట్టారు, వెనక కమిటీ అంతా బయలుదేరింది. ఆయన పండ్లు చూశారు, మూపురం నిమిరారు, గిట్టలు ఎత్తి పరీక్షించారు. బస్సు మీద పెట్టని శ్రద్ధ అంతా అక్కడ పెట్టారు. ఊరి తరఫున అర్జీ పట్టుకుని పెద్దమ్మ రెండుసార్లు ఎదురుపోయింది. “ఉండమ్మా, నడక సూడనీ” అన్నారాయన. చివరికి జతను కొనేశారు. అయితే మేపే చేతిని మారిస్తే ఎద్దు పాడవుతుందని, చిన్నాయన దగ్గరే మా ఊళ్ళోనే ఉంచారు. ఉలవలు, పత్తి గింజలు, ఇంకా ఏవేవో బలం మందులు మైదుకూరులో ఉండే తన మనిషి రోజూ పొద్దున బస్సులో పట్టుకొస్తాడని మాటైంది. కార్లు వెళ్ళిపోయాయి. అర్జీ పెద్దమ్మ చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు నివేదిక వచ్చింది. ‘ఈ మార్గంలో ప్రజలు సొంత కార్లకు అలవాటు పడినట్లు కమిటీ స్వయంగా గమనించినది’ అని ఉందట. బస్సు ఆగిపోయింది. ఊరంతా సంతకాలు పెట్టి పంపిన కాగితానికి జవాబు రాలేదు. పెద్దమ్మ ఆటోలో పోయింది, చెప్పినట్టే పెరుగు మజ్జిగైంది, హోటలువాడు వద్దన్నాడు. ఒక బర్రెను అమ్ముదామని ఆమె అన్న రోజున నేను మైకును అటక మీద పెట్టేశాను. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు. అంతలో అధ్యక్షులవారి మనిషి ఉలవల మూటతో ఎక్కిన ఆటో దారిలో వంక దాటుతూ బోల్తా పడింది. మనిషికి ఏమీ కాలేదు. ఎద్దులకు ఆ పూట ఉలవలు లేవు. ఆ సాయంత్రమే డిపోకు ఫోను వచ్చిందని కండక్టరు మామ తర్వాత చెప్పాడు. “నా గిత్తల మేత పోయే బస్సును ఆపింది ఎవురప్పా” అని అధ్యక్షులవారు అడిగారట. ఆపమని రాసింది మీరేనని చెప్పే ధైర్యం మెల్లగా మాట్లాడే ఆ మేనేజరుగారికి ఎక్కడిది? మర్నాడు పొద్దున బస్సు వచ్చింది, కడిగి మరీ పంపారు. డ్రైవరు వెనక సీటు ఉలవల మూటకు. ఆ పక్క సీటు మా పెద్దమ్మ క్యానుకు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. మధ్యలో ప్రభుత్వం మారింది, అధ్యక్షులవారూ పార్టీ మారారు, కాబట్టి ఏమీ మారలేదు. నాకూ ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం దొరికింది (పిల్లలు ఎద్దుల్లాగా ఆగి వినరు). బస్సును నా గొంతే నిలబెట్టిందని చాలాకాలం లోలోపల మురిసిపోయాను. మైకులో నాలుగు నిజాలు చెప్పి రాజ్యాన్ని కదిలించానని ఒకరిద్దరు స్నేహితుల దగ్గర కోతలు కోసిన మాట కూడా వాస్తవమే. మా ఊళ్ళో మాత్రం అసలు సంగతి అందరికీ తెలుసు. చిన్నాయన కొట్టంలో ఎద్దు దగ్గితే వీధి వీధంతా లేచి వస్తుంది. జతలో ఒకటి పోయిన ఏడాది పోయింది. ఊళ్ళో ఎవరు చచ్చిపోయినా అంత ఏడుపు నేను చూడలేదు. మిగిలినది ముసలిదైపోయింది, ఇంక బండ లాగదు, అయినా అధ్యక్షులవారికి దాని మీద ప్రేమ తగ్గలేదు, ఉలవలు వస్తూనే ఉన్నాయి, వాటితో బస్సూ.

మొన్న ఊరికి పోయినప్పుడు పెద్దమ్మ శ్రీశైలానికి తీసుకుపొమ్మని అడిగింది. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు గానీ మోకాళ్ళు సహకరించవు, తోడు కావాలి. మల్లయ్యకు మొక్కుకున్నానంది. నాకు ఈ మధ్య బీపీ వచ్చిందని తెలిసి మొక్కుకుందేమోనని మనసు కరిగిపోయింది. “నాకేం కాలేదులే పెద్దమ్మా, మాత్రలేసుకుంటాండా కదా” అన్నాను.

“నీకోసమని ఎవురు సెప్పినార్రా? ఆ ఎద్దు రెండు దినాలుగా మేత ముట్టల్యా” అంది.

పోయే దారిలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని, మైకు పట్టుకున్న ఆ పాతికేళ్ళ లోపు కుర్రవాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. శ్రీశైలంలో మాత్రం నేను కూడా, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎద్దు కోసమే దండం పెట్టుకున్నాను.