బరువు వైపు

మన తెలుగువాళ్లతో నిండిన ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటికి వెళితే నేను ముసలిదాన్ని. ఏ పార్టీకి పోయినా ఎవరో ఒక కుర్రాడు "ఆంటీ, మీరు కూర్చోండి" అంటూ కుర్చీ లాగుతాడు. నాకు ఒళ్లు మండుతుంది. నెబ్రాస్కాలోని మా ఊళ్లో నన్ను "కిడ్" అంటారు. అరవై దాటినా సరే, ఊరివాళ్లమే జీతం లేకుండా నడిపే వలంటీర్ ఆంబులెన్స్‌లో అందరికన్నా చిన్నదాన్ని నేనే. అందుకే స్ట్రెచర్‌కి తల వైపు, అంటే బరువు వైపు, ఎప్పుడూ నాదే.

మా ఆయన ఇక్కడి ఆసుపత్రికి డాక్టరుగా వచ్చిన రోజుల్లో ఊరు ఇలా లేదు. బడి పిల్లలతో కిటకిటలాడేది. చదువులకని ఒమాహాకో డెన్వర్‌కో వెళ్లిన ఆ పిల్లలు అక్కడే ఉండిపోయారు, పిల్లల్నీ అక్కడే కన్నారు. ఇక్కడ కాన్పుల వార్డు మూసేశారు. మొక్కజొన్న మాత్రం ఏటా పండుతూనే ఉంది, కోసేవాళ్లకే జుట్టు నెరిసింది. ఎవర్ననుకుని ఏం లాభం? మా అమ్మాయీ అలా వెళ్లిందే కదా.

మా ఆయన పోయాక అమ్మాయి పోరు ఎక్కువైంది. "అమ్మా, ఆ స్నోలో ఒక్కదానివీ ఎందుకు? ఇక్కడికి మూవ్ అయిపో." చివరికి సరేనన్నాను. కానీ ఇద్దరు లేనిదే ఆంబులెన్స్ కదలకూడదని రూలు. బండి నడిపే ఆయన కాక మిగిలిన వలంటీర్లలో ఒకరికి మోకాళ్లు అరిగాయి, ఇంకొకరికి చూపు ఆనదు. నేను వెళ్లిపోతే చాలాసార్లు బండి షెడ్డులోనే ఉండిపోతుంది. పక్క ఊరి నుంచి ఇంకో బండి రావాలంటే ముప్పావు గంట.

బండి నడిపే పెద్దాయనకి భయపడుతూనే చెప్పాను. ఒకప్పుడు స్కూల్ బస్సులో మా అమ్మాయిని బడికి తీసుకెళ్లింది ఆయనే. "మంచిది కిడ్. మనవలతో ఉండు," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కాల్ వచ్చింది. ఆయన ఇంటి నుంచే. ఆయన భార్య వంటింట్లో జారిపడింది, తుంటి ఎముక విరిగినట్టుంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి వరండా దాకా తోసుకొచ్చాం. మెట్ల దగ్గర మాత్రం ఎత్తి దించాలి. నేను అలవాటుగా తల వైపు వెళ్తే ఆయన అడ్డొచ్చాడు.

"నువ్వు అటు పో. వచ్చే నెల నుంచి ఎలాగూ నేనే పట్టుకోవాలిగా. అలవాటు చేసుకోనీ."

కాళ్ల వైపు పట్టుకున్నాను. ఎత్తీ ఎత్తగానే ఆయన పట్టు సడలింది, స్ట్రెచర్ ఒక పక్కకి ఒరిగింది. గబుక్కున దించేశాం.

ఆమె నొప్పితో పళ్లు బిగబట్టి, ఆయన చెయ్యి తడిమింది. "ఆ పిల్లకి వదిలెయ్," అంది.

ఆయన పక్కకి తప్పుకున్నాడు. నేను వెళ్లి తల వైపు పట్టుకున్నాను. అప్పటికే నా సామాను సగం ఆష్‌బర్న్ చేరిపోయింది.