మూడోనాటి ఆవకాయ

కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి, ఆ రోజుల్లో, ఊళ్ళో తనంతటివాడు లేడనిపించడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కార్ఖానాలో చేరినవాడికి ఇనుప టోపీ చాలు, రైల్వేలో చేరినవాడికి ఈల చాలు. నాకు చొక్కా జేబుకి గుచ్చుకునే పేరుబిళ్ళ సరిపోయింది. జంషెడ్‌పూర్‌లో అప్పటికి మా స్టోరంత కొట్టు ఇంకోటి లేదు (ఇది మేం చెప్పుకునే మాట, ఎదుటి కొట్టువాళ్ళని అడిగితే ఏమనేవారో తెలీదు). కింద కిరాణా, పైన బట్టలు, మెట్ల పక్కన స్టీలు సామాన్లు, ఫ్యాను కింద కుర్చీలో మా మేనేజరు. ఆయన బెంగాలీ పెద్దమనిషి. ఏ వస్తువైనా మూత మీద సీలు సరిగ్గా పడిందో లేదో గోటితో గీరి చూడందే అర ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని చాటుగా ఆయన్ని సీల్‌బాబు అనుకునేవాళ్ళం.

ఒక వేసవిలో పైవాళ్ళకి మంచి బుద్ధి పుట్టింది. కలకత్తా నుంచి లారీల్లో దిగే సరుకే కాకుండా, చుట్టుపక్కల బస్తీల్లో ఇళ్ళలో చేసేవి కూడా మన దగ్గర అమ్మాలి, నాలుగు కుటుంబాలు నిలబడాలి అన్నారు. సీసాలు, మూతలు, లేబుళ్ళు స్టోరే ఇస్తుంది, అమ్మిపెట్టేదీ స్టోరే. చెయ్యడం ఒక్కటే వాళ్ళ వంతు. మెట్లకెదురుగా పొడవాటి అర ఒకటి ఖాళీ చేయించారు. అలా చేసేవాళ్ళని వెతికి తెచ్చే పని నాకు తగిలించారు. (నాకే ఎందుకంటే, మిగతావాళ్ళు పెళ్ళైనవాళ్ళు, ఎండల్లో తిరగం అని ముందే చెప్పేశారు.) బాగ్‌బేరాలో కొవ్వొత్తులు పోసే ఒక రైల్వే రిటైరు పెద్దాయన్ని పట్టుకున్నాను. బుట్టలల్లే కుటుంబాన్ని పట్టుకున్నాను. ఊరగాయ మాటెత్తగానే మాత్రం ఎక్కడా వెతకలేదు, తిన్నగా భుయ్యాడీహ్ బస్తీకి వెళ్ళి మా పిన్ని గుమ్మంలో సైకిలు ఆపాను.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. పెళ్ళైన ఏడాదే చిన్నాన్నతో శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చేసింది. చిన్నాన్న కార్ఖానాలో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. కాంట్రాక్టు అయిపోయింది, కాంట్రాక్టరు ఊరొదిలి పోయాడు, చిన్నాన్న ఇంట్లో కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని, ఇక ఇక్కడ లాభం లేదు, మా అన్నయ్య పొలంలోనే చెయ్యి కలుపుతానని తేల్చేశాడు. నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఇంటాయనకి కబురు కూడా పెట్టేశాడు. పిన్నికి అది బొత్తిగా ఇష్టం లేదు. తనకోసం కాదు, పిల్ల కోసం.

"గుంట తొమ్మిదిలో ఉన్నాది నాయనా. పుట్టిన కాడ్నించీ హిందీలోనే సదివింది. అక్కడికి తీసుకుపోతే మల్లీ అఆలు దిద్దించాల. దాని ఈడు పిల్లలు మెట్రిక్కు రాత్తంటే ఇది పలక పట్టుకోవాలేటి?" అంది పిన్ని.

"మై నహీ జావూంగీ, బస్," అంది మా చెల్లి, మూల నుంచి. నేను రానంతే అని. అది ఇంట్లో వాళ్ళు తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చేది.

నేను పేరుబిళ్ళ సరిచేసుకుని, స్టోరు సంగతి చెప్పాను. కార్ఖానా జీతాల వారంలో సరుకు చెల్లిపోతే ఏడాది పొడుగునా పచ్చళ్ళన్నీ పిన్ని దగ్గరే తీసుకుంటారు, చెల్లకపోతే ఆ అర కలకత్తా కంపెనీకి ఇచ్చేస్తారు అన్నాను. చిన్నాన్న బీడీ ఆర్పి, "సూద్దాం. ఇది నడిత్తే ఉంటాం. నడవకపోతే రైలెక్కుతాం. మల్లీ మాటాడొద్దు," అన్నాడు. పిన్ని చెంగు నడుంలో దోపుకుని మామిడికాయల బేరానికి వెళ్ళిపోయింది. ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలుచుకుని ముక్కలు కొట్టించింది, ఆవాలు దంచించింది. (నూనె దగ్గర నేనొక సలహా ఇచ్చాను, ఇక్కడివాళ్ళు ఆవనూనె తింటారు కదా అని. "ఆవనూనె పోత్తే అది ఆల అచార్ అవుద్ది. నువ్వులనూనె పోత్తేనే మన ఆవకాయ," అంది. మళ్ళీ సలహా ఇవ్వలేదు.)

ఆవకాయ కలిపిన రోజునే నేను రిక్షా నిండా ఖాళీ సీసాలూ, సీలు వేసే సరంజామా వేసుకుని దిగాను. జీతాలు మర్నాడే. అర ఖాళీగా కనిపిస్తే సీల్‌బాబు నా ముఖం కూడా ఖాళీ చేసేస్తారని నా భయం.

"ఇయ్యేలే కదరా కలిపినాను. మూడోనాడు తిరగ కలిపి, ఉప్పూ నూనే సూసుకోవాల. అప్పుడు కట్టుకుందాంలే," అంది పిన్ని.

"కుదరదు పిన్నీ. రేపు పొద్దున్నకి అరలో ఉండాలి. పెద్ద స్టోరు పద్ధతులు నీకు తెలీవు," అన్నాను.

పిన్ని నా వైపు కాసేపు చూసి, "సరే అయితే. మూడోనాడు నానే వత్తాను," అంది.

స్టోరు చూడ్డానికి సరదాపడుతోంది కాబోలనుకున్నాను. పాపం ఎప్పుడూ చూళ్ళేదు కదా అని జాలి కూడా పడ్డాను. గేటు దగ్గర చౌకీదారుకి చెప్పి ఉంచాను, మా పిన్నిగారొస్తారు, మర్యాదగా లోపలికి పంపమని.

మర్నాడు అర కళకళలాడింది. ఎర్రటి సీసాలు, తెల్లటి మూతలు, లేబుళ్ళు. సీల్‌బాబు వచ్చి ఒక మూతని గోటితో గీరి చూసి "హూఁ" అన్నారు. ఆయన నోట అది బిరుదుతో సమానం. కానీ సీసాలు కదల్లేదు. జనం వచ్చారు, చూశారు, పక్కనున్న కొవ్వొత్తులు కొనుక్కుని పోయారు. తెలిసిన కంపెనీ పేరు లేని ఊరగాయని ఎవరు నమ్ముతారు? మన తెలుగువాళ్ళు కూడా సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, "కొత్తది, ఇంకా ఊరినట్టు లేదు," అని పెట్టేశారు. చీకటిపడే దాకా అంతే. చిన్నాన్న రైలు సంగతి కనుక్కోవడానికి స్టేషనుకి వెళ్ళొచ్చాడని చెల్లి వచ్చి చెప్పింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మూడోనాడు నేను మేడ మీద తువ్వాళ్ళు లెక్కపెడుతూ ఉండగా ముందు వాసన వచ్చింది. ఆవపిండి, నువ్వులనూనె, పచ్చి మామిడి కలిసిన ఘాటు. అది మెట్లెక్కి, బట్టల్లోంచి దూరి, నా ముక్కుని పట్టుకుంది. కిందికి పరిగెత్తాను. మెట్లకెదురుగా నేల మీద ఉతికిన పాత చీర పరిచి, తలంటుకున్న తడిజుట్టు ముడేసుకుని, పిన్ని కూర్చుని ఉంది. ఎదురుగా పెద్ద పళ్ళెం. చిన్నాన్న అరలోంచి సీసాలు తీసి అందిస్తున్నాడు, చెల్లి సీళ్ళు చింపుతోంది, పిన్ని ఒక్కో సీసా పళ్ళెంలోకి కుమ్మరించి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతోంది. పక్కన నూనె డబ్బా, ఉప్పు గిన్నె. చుట్టూ జనం.

"పిన్నీ, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"మూడోనాడు కదరా. సెప్పినాను కదా వత్తానని," అంది, తలెత్తకుండా.

సోనారి నుంచి స్కూటరు మీద వచ్చిన ఒకావిడ, మన తెలుగావిడే, మునివేళ్ళ మీద నిలబడి, "ఒక సీసా ఇటివ్వండమ్మా," అంది. "ఇప్పుడేటమ్మా, ఉప్పు సూడొద్దేటి? ఆగు," అని పిన్ని ఆవిణ్ణి గదమాయించింది. అంతవరకూ ఆ అర దగ్గర ఒక్క మనిషి ఆగింది లేదు. ఇప్పుడు ఆగినవాళ్ళని అమ్మబోయే మనిషే ఆపుతోంది. అంతలో సీల్‌బాబు వచ్చారు. నేల మీద చింపి పడేసిన తన సీళ్ళు చూసి, "యే క్యా హో రహా హై?" అన్నారు. ఇక్కడేం జరుగుతోందని. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎవరో పెద్దాయన, వయసు మళ్ళినవాడు, నాలుక నిలకడగా ఉంటుందనుకుందో ఏమో, ఒక ముక్క తీసి, "బాబూ, ఉప్పు సూడు," అని చెయ్యి చాపింది. పెద్దవాళ్ళు ప్రసాదం ఇస్తే చెయ్యి దానంతటదే ముందుకెళుతుంది చూడండి, అలా సీల్‌బాబు అరచెయ్యి పట్టారు. నోట్లో వేసుకున్నారు. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు తిరిగాయి. కాసేపు దవడ ఆడించి, ఎంతో నిజాయితీగా, "నమక్ థోడా కమ్ హై," అన్నారు. ఉప్పు కొంచెం తగ్గిందట. "నానూ అదే అనుకున్నాను," అని పిన్ని ఉప్పు వేసి కలిపింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తాను మేనేజరునని. రుమాలుతో చెయ్యి తుడుచుకుని, సీలు తీసిన సరుకు తన స్టోరులో ఉండటానికి వీల్లేదు, అంతా బయటికి పంపించు అని నాతో అని, గదిలోకి వెళ్ళిపోయారు.

నేను ఆ మాట పిన్నికి ఎలా చెప్పానో నాకే తెలీదు. పిన్ని గొడవపడలేదు. కలిపినదంతా సీసాలకెత్తి, పైన నూనె తేల్చి, మూతలు పెట్టి, చీర మడతపెట్టి, బుట్టల్లో సర్దుకుని గేటు బయట రిక్షా కోసం నిలబడింది. చెల్లి ఏడుస్తోంది. చూసినవాళ్ళు సగంమంది వెనకాలే బయటికి వచ్చారు. కళ్ళముందు కలిపిన ఆవకాయ, ఉప్పు సరిచూసి నూనె పోసిన ఆవకాయ. సోనారి ఆవిడ పర్సు తెరిచింది. ఒక బిహారీ ముసలాయన టిఫిను డబ్బా చాపాడు. చిన్నాన్న బుట్టలో చెయ్యి పెట్టబోతే పిన్ని ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"ఇక్కడ అమ్మను," అంది.

"ఏటే, ఆలు ఒద్దన్నారు కదా. ఇక్కడే అమ్మేసి రైలెక్కుదాం," అన్నాడు చిన్నాన్న.

"సీసాలు ఆలియి. మూతలు ఆలియి. ఆలకోసం సేసినాను. బయట అమ్ముకుంటే, ఆ గుంటడు మల్లీ ఆ మేనేజరు బాబు ముందు తలెత్తుకోగలడేటి?" అని నన్ను చూపించింది. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, "కావాలంటే లోపలికెల్లి అడగండమ్మా. సరుకు ఆలది," అంది.

వాళ్ళు వెళ్ళారు. అందరూ, ఒక్కుమ్మడిగా, సీల్‌బాబు గదిలోకి. మూడు భాషల్లో ఒకేసారి మాట్లాడే ఆడవాళ్ళ మధ్య ఇరుక్కున్న ఆయన్ని తలుచుకుంటే నాకిప్పటికీ పాపం అనిపిస్తుంది. చివరికి ఆయన నన్ను పిలిపించి, అందరి ముందూ అడిగారు, దీన్ని మళ్ళీ ఎప్పుడైనా తెరిచి కలపాలా అని. అక్కర్లేదండీ, మూడోనాడు కలిపితే ఇక ఏడాది వరకూ చూడక్కర్లేదు అన్నాను. అయితే మొదటిరోజే ఎందుకు తెచ్చావు అన్నారు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. బయట కిటికీ దగ్గర నిలబడ్డ చిన్నాన్న కూడా.

సీల్‌బాబు కొత్త సీళ్ళ కట్ట తీసుకుని గేటు దాకా నడిచారు. పిన్ని ఎదుట, ఎండలో, ఒక్కో మూతకీ తన చేత్తోనే సీలు వేశారు. ఆవిడ ఏ రోజు ఇస్తే ఆ రోజే సరుకు దింపించు, నీకు తోచిన రోజు కాదు అని నాతో అని, ఒక సీసా చంకలో పెట్టుకుని తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. మిగతావి అర దాకా పోలేదు. మెట్ల దగ్గరే అయిపోయాయి.

సాయంత్రం భుయ్యాడీహ్‌లో పిన్ని అన్నం పెడుతుంటే చిన్నాన్న కంచం ముందు కూర్చుని మళ్ళీ మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. తర్వాత, "ఇంటాయనకి సెప్పొత్తాను, మేం ఎల్లటం లేదని," అని లేచాడు. ఆయన చొక్కా వెతుక్కుని వేసుకునేలోపే చెల్లి వీధి చివరికి పరిగెత్తి, ఇంటాయనకీ, ఇంటాయన భార్యకీ, దారిలో ఎదురైనవాళ్ళకీ చెప్పేసి వచ్చింది. పిన్ని ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. నాకూ దుఃఖం వచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ అరలో పిన్ని పచ్చళ్ళు ఉన్నాయి. చెల్లి మెట్రిక్కు ప్యాసైంది, బడిలో టీచరైంది. ఆ సాయంత్రం మాత్రం నేను నది ఒడ్డు దారిన సైకిలు తొక్కుకుంటూ, కూనిరాగం తీసుకుంటూ ఇంటికి పోయాను. ఒక కుటుంబాన్ని నా స్టోరూ నేనూ కలిసి నిలబెట్టేశామనే నమ్మకంతో, ఎదురొచ్చిన ప్రతివాడికీ పేరుబిళ్ళ కనపడేలా ఛాతీ విరిచి మరీ పోయాను. నా పరువు పోకూడదని ఒక మనిషి ఎండలో నిలబడి, చేతికందిన బేరం వదులుకుని, రైలెక్కడానికి కూడా సిద్ధపడిందన్న సంగతి ఆ కుర్రాడి బుర్రకి ఇంకా ఎక్కలేదు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆపి చెప్పాలని మాత్రం అనిపించదు. పోనీలే, ఆ ఒక్క సాయంత్రం అలాగే పోనీ.