మారు వడ్డన

మా మేడమ్ రాసిన పరిశోధన పేపర్లు ఆవిడ గదిలో ఒక అల్మారా నిండా ఉంటాయి. తిన్న తిండి ఒంట్లో ఏమవుతుంది, ఏ హార్మోన్ ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది అన్నదే వాటన్నిటి గొడవ. మొదట్లో వాటిలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా చదివేదాన్ని. ఎక్కడో ఒకచోట అన్నం మాట కనిపిస్తే, అది నేను వండిందే కదా అని పొంగిపోయేదాన్ని.

మలేషియా పక్కనే ఉన్న ఈ చిన్న దేశంలోని వన్-నార్త్‌లో ఆవిడ ల్యాబ్‌లో నా ఉద్యోగం వంట. నవ్వకండి. పరీక్షకి వచ్చే వాలంటీర్లకి గ్రాము తేడా రాకుండా అన్నం, పప్పు, కూర తూచి పెట్టాలి. వాళ్ళు తిన్నాక నర్సు నాలుగు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీస్తుంది. కంచంలో నాలుగు మెతుకులు మిగిలినా వాటినీ తూచి బుక్కులో రాయాలి. నేనేమో కాకినాడలో పుట్టి, కంటి అంచనాతో యాభై మందికి వండిపారేసే ఇంట్లో పెరిగిన దాన్ని. మొదటి నెలంతా ఆ వెయింగ్ మెషీన్ని విసిరికొట్టాలనిపించింది.

నా మనసు మార్చింది మేడమే. వాళ్ళది హైదరాబాదీ ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, నాతో తెలంగాణ తెలుగు. ఒకరోజు స్క్రీన్ మీద ఒక గీత చూపించి, "చూడమ్మా, ముద్ద ఇంక సరిగ అరగనే లేదు, ఇన్సులిన్ అప్పుడే లేచి నిలబడ్డది. ఎవరు చెప్పిన్రు దానికి?" అన్నారు. పేగు కబురు పెడుతుందట, తిండి వస్తోంది, సిద్ధంగా ఉండమని. ఇన్నేళ్ళు వండాను, తిన్నాను. ఆ ముద్ద లోపలికెళ్ళి ఎవరెవర్ని నిద్ర లేపుతుందో ఒక్కసారైనా ఆలోచించానా? గుళ్ళో కూడా నాకు అంత భక్తి కలగలేదు. ఆ రోజు నుంచి మెషీన్ మీద కోపం పోయింది.

ఆ వాలంటీర్లలో ఒక అంకుల్ ఉండేవారు. మలేషియాలో పుట్టిన తెలుగువారు, బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరై ఇక్కడే వుడ్‌ల్యాండ్స్‌లో ఉంటున్నారు. తాతలనాటి తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడేవారు. తిండి పెట్టాల్సింది నేనైతే, వస్తూనే "మకాన్ అయిందా అమ్మాయ్?" అని, అంటే తిన్నావా అని, నన్నే అడిగేవారు. అందరికీ ట్రేలో వెళ్ళిపోతుంది. ఆయన మాత్రం కంచంలో చేత్తో తింటానంటే, నేనే దగ్గరుండి వడ్డించేదాన్ని.

ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళారు. నెల తర్వాత మేడమ్ నన్ను పిలిచి ఆయన ఇన్సులిన్ గీతలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. అందరికీ గీత ఒకసారి లేచి మెల్లగా దిగుతుంది. ఆయనకి దిగుతూ దిగుతూ మళ్ళీ చిన్న గుట్టలా లేచింది. రెండుసార్లూ, సరిగ్గా అదే చోట.

"ఒక్కసారైతే ఏదో మిస్టేక్ అనుకుందును. రెండుసార్లు వచ్చిందంటే ఇది రియల్. ఇన్నేండ్లల్ల ఇట్లాంటిది నేను చూడలే," అన్నారు. ఆ కళ్ళలో వెలుగు చూసి తీరాలి. ఆ గుట్ట మీదే ఒక చిన్న పేపర్ రాయడం కూడా అయిపోయింది. శుక్రవారం పంపించేస్తారట.

ఆ గుట్ట ఏమిటో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

మా ఇళ్ళల్లో ఒక్కసారి వడ్డించి ఊరుకోరు. రెండోసారి మారు వెయ్యకపోతే లేచి పొమ్మన్నట్టే. తినేవాళ్ళు కూడా మారు కోసం చెయ్యి కడుక్కోకుండా కూచుంటారు. అంకుల్ తూచిన అన్నమంతా తినేసి, నర్సు మొదటి రక్తం తీసుకెళ్ళాక కూడా ఎంగిలి చేత్తో అలాగే కూచుని కబుర్లు చెబుతున్నారు. నా చెయ్యి నన్నడగలేదు. కుక్కర్లో మిగిలిన అన్నం ఒక హస్తం, అంటే పెద్ద గరిటెడు, తీసి ఆయన కంచంలో వేసేసింది. రెండో రోజూ అంతే. కంచం ఖాళీగా ఉంది కాబట్టి, మిగిలింది సున్నా అని రాశాను. మారు వేసింది కూడా లెక్కలోకి వస్తుందని తట్టనే లేదు. అది మర్యాద, తిండి కాదు అన్నట్టుంది నా తెలివి.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ సెంగ్‌కాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ రైలెక్కి కూచున్నాను. మా స్టేషన్ వచ్చింది, వెళ్ళింది. లూప్ తిరిగి మళ్ళీ వచ్చింది, అప్పుడూ లేవలేదు. చెబితే మేడమ్ పేపర్ పోతుంది, నా ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఎవరికీ తెలీదన్నదే నన్ను పీక్కుతింది. ఆ అల్మారాలో పేపర్లన్నిటినీ నేను నమ్మాను. వాటి పక్కన నా హస్తం అన్నం కూడా శాస్త్రంలా చలామణీ అయిపోతుందంటే ఊరుకోబుద్ధి కాలేదు.

గురువారం పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను, ఏడుస్తూనే.

మేడమ్ టైపు చేస్తున్న చెయ్యి ఆపారు. ముఖం పాలిపోయింది.

"ఎంత వేసినవ్?"

"ఒక హస్తమండి."

"అంటే ఎన్ని గ్రాములు?"

"తెలీదండి. మారు కదండీ, ఎవరు తూస్తారు?"

ఆవిడ లాప్‌టాప్ మూసేశారు. "అంకుల్‌ను మళ్ళ పిలువు," అన్నారు. అంతే.

అంకుల్ మూడోసారి వచ్చారు. తూచిన అన్నం పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆయన తినేసి, ఎంగిలి చేత్తో కూచున్నారు. నా వైపు చూశారు. కుక్కర్ వైపు చూశారు. "ఏం అమ్మాయ్, నా మీద కోపమా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. ఇంకాసేపు చూసి, మెల్లగా లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. నా జన్మలో ఎవర్నీ అలా లేపలేదు. గాజు తలుపు అవతల నుంచి మేడమ్ అంతా చూస్తూనే ఉన్నారు.

గీత ఒకసారి లేచింది, దిగింది. గుట్ట లేదు.

నేను తల వంచుకున్నాను. మేడమ్ మాత్రం పాత గీతలు కూడా తెరిచి, మూడింటినీ అలా చూస్తూ ఉండిపోయారు. "నీ బుక్కుల లేదు. ఖాళీ కంచంల లేదు. మెషీన్‌కు గూడ తెల్వదు. గని పిడికెడు అన్నం, రక్తం రెండుసార్లు రాసిపెట్టుకున్నది, చూసినవా?" అన్నారు. పేపర్ పోగొట్టుకున్న మనిషి గొంతులా లేదది. నాకు ఒళ్ళు జలదరించింది, ఆ గీతల్ని చూసి కాదు, ఆవిడని చూసి.

ఆ చిన్న పేపర్ పంపలేదు. పరీక్ష మొత్తం మీద రాసిన పెద్ద పేపర్ ఈ ఏడాది అచ్చయింది. అందులో ఒక వాక్యం ఉంది. వడ్డనలో జరిగిన పొరపాటు వల్ల ఒకరి ఫలితాలు తీసేశామని. అల్మారా మొత్తంలో నా గురించి ఉన్నది అదొక్కటే. "రాయక తప్పదాండి?" అని ముందే బతిమాలాను. "నేను పోయినంక గూడ ఎవరో ఒకరు చదువుతరమ్మా. వాళ్ళకు నువ్వు తెల్వదు, నేను తెల్వదు. గీ వాక్యమే తెలుస్తది," అన్నారు.

కొత్త పరీక్షకి నియమాలు తనే రాసి నా వంటగది గోడకి అంటించారు. అన్నం మొత్తం బరువు పాతదే, కానీ రెండు గిన్నెల్లో. పెద్ద గిన్నె ముందు, చిన్న గిన్నె కాసేపాగి. అందరికీ, వడ్డించే మనిషి దగ్గరుండి వెయ్యాలి. ఇదెందుకండి అంటే, "గాజు అవుతల నిలబడి చూసిన గదా ఆ రోజు. గట్ల ఎవరిని లేపొద్దు," అన్నారు.

ఇప్పుడు చైనీస్ ఆంటీలకీ, మలయ్ అంకుల్స్‌కీ కూడా నేను మారు వడ్డిస్తున్నాను. మొన్న వుడ్‌ల్యాండ్స్ అంకుల్ వచ్చారు. తినేసి, ఈసారి అడగడానికి మొహమాటపడుతూ చెయ్యి కంచంలోనే ఉంచి కూచున్నారు. చిన్న గిన్నె తీసి మెషీన్ మీద పెట్టాను. ముప్పై గ్రాములు. రెండు మెతుకులు ఎక్కువైతే తీసేశాను. తెచ్చి ఆయన కంచంలో వేశాను.

"అయితే కోపం పోయిందన్నమాట," అన్నారు అంకుల్.