నురగ వెంట సైకిళ్ళు

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం ఆవిడది. "కుళాయి రావట్లేదు" అని అవతలివాళ్ళు అరిస్తే "వస్తుందండీ" అనేది. "ఎప్పుడొస్తుందో చెప్పి చావండి" అంటే "తప్పకుండా వస్తుందండీ" అనేది. ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే లాక్కొచ్చింది. చివరికి అదే పేరైపోయి, ఊళ్ళో అందరికీ వస్తుందమ్మగా మిగిలింది. కూరగాయల కొట్లో గొంతు విని గుర్తుపట్టి, అక్కడికక్కడే దెబ్బలాటకు దిగినవాళ్ళూ ఉన్నారు.

రిటైరైన రోజు ఆఫీసరు సరదాకి అడిగాడు, "ఒక్కసారైనా మన రిజర్వాయరు చూశారా మేడమ్?" అని. చూడలేదు. నీళ్ళెక్కడున్నాయో తెలియకుండానే ఇంతమందికి వస్తాయని మాటిచ్చానా అని ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

రిజర్వాయరుకు బస్సు లేదు. వాగు పక్కన సన్నటి బాట ఉంది, దాని మీద సైకిలే గతి. సైకిలు తొక్కడం ఆవిడకు రాదు. భర్త క్యారియర్ పట్టుకుని వెనక పరిగెత్తుతూ నేర్పాడు. ఆవిడ పడ్డప్పుడల్లా ఆయనా పడ్డాడు, ఎందుకంటే వదలమన్నా వదిలేవాడు కాదు. ఎదురింటి కంచె పొద సగం వీళ్ళ కిందే పోయింది.

ఎలాగైతేనేం, వెళ్ళి చూసొచ్చింది. చూసినదాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదు. ఊళ్ళో వాన కాలవలన్నీ వాగులో కలుస్తాయని, వాగు రిజర్వాయరులో కలుస్తుందని, మళ్ళీ ఆ నీళ్ళే శుభ్రం చేసి మన కుళాయికి పంపుతారని వీధి వీధంతా చెప్పింది. "అయితే మమ్మల్నీ తీసుకెళ్ళు" అన్నారు. అలా ఆదివారం సైకిలు యాత్ర మొదలైంది. ఒకప్పుడు ఫోనులో తిట్టినవాళ్ళు ఎదురుగా తిట్టొచ్చు కదా అని వచ్చారు. కానీ తిరుగు దారంతా ఎత్తు. తిట్టడానికి ఊపిరెక్కడ మిగులుతుంది? ఆ సంగతి వస్తుందమ్మకు మహా నచ్చింది.

ఆవిడ వియ్యపురాలికి లాండ్రీ ఉంది. ఏ పనిలోనూ వెనకబడడం ఆవిడ ఒంటికి పడదు. బుట్టా హారనూ ఉన్న కొత్త సైకిలు కొనుక్కుని మరీ చేరింది.

ఒక ఆదివారం వాగు మీద తెల్లగా నురగ. మబ్బులు తుంపి పడేసినట్టు గట్టు పొడుగునా తేలిపోతోంది. అందరూ బ్రేకులు వేశారు.

"ఎవడో పాపాత్ముడు!" అని లాండ్రీ వదిన హారను మోగించింది. "తాగే నీళ్ళలో సబ్బు కలుపుతాడా? వాడి దుంప తెగ! పదండి, నురగ పట్టుకుని పోదాం. వాడి గుమ్మం ముందు నిలబెట్టి కడిగేద్దాం!"

జనానికి హుషారొచ్చింది. వాగు వెంట ఎదురు దిక్కుకు తొక్కారు. పోనుపోను నురగ చిక్కబడింది.

"దొంగైతే అయ్యాడు గానీ, సబ్బు మంచిది వాడాడండోయ్, మల్లెపూల వాసనొస్తోంది" అన్నాడు గుంపులో ఉన్న పళ్ళ డాక్టరు.

వస్తుందమ్మ కాలు పెడల్ మీద ఆగిపోయింది. ఆ వాసన తన చీర కొంగుది. ఇంటి బట్టలన్నీ వియ్యపురాలే ఉతికి పంపుతుంది మరి. పక్కకు చూస్తే, భర్త చొక్కా కాలరు వాసన చూసుకుంటున్నాడు. నోరు మెదిపావో అన్నట్టు ఆవిడ కళ్ళురిమింది. కూతురున్నది ఆ ఇంట్లోనే.

"ఎండెక్కుతోంది వదినగారూ, ఇంకోసారి చూద్దాం."

"ఎండకి జడిస్తే ఎలా వదినగారూ? దొంగ దొరకబోతుంటే!"

నురగ ఒక కాలవలోకి తిరిగింది, కాలవ ఒక సందులోకి. సందు చివర గోడ, గోడలోంచి పైపు, పైపులోంచి గుప్పుమని మల్లెపూలు.

"ఎవరిదీ గోడ? రంగు కూడా వాళ్ళ మొహంలాగే ఏడ్చింది!" అంది లాండ్రీ వదిన. ఆవిడ ఏనాడూ తన లాండ్రీ వెనక వైపు చూసిన పాపాన పోలేదు.

తలుపు తీసుకుని బకెట్టుతో ఆవిడ భర్త బయటికొచ్చాడు. "ఏమే, ఇటు నుంచొచ్చావేం?"

అందరూ తమ తమ సైకిలు చైన్లు పరీక్షించుకోవడంలో మునిగిపోయారు.

"ఈ పైపు... ఇక్కడికెలా వచ్చింది?" అందావిడ.

"కొత్త మిషన్లు పెట్టినప్పుడు దగ్గర్లో ఉన్న కాలవలో కలిపెయ్యమని నువ్వే కదే చెప్పావు!"

వస్తుందమ్మ దగ్గరకెళ్ళి మెల్లిగా అంది. "అది వాన కాలవని మీకేం తెలుసు వదినగారూ? నీళ్ళ ఆఫీసులో పనిచేసిన నాకే మొన్నటిదాకా తెలీదు."

లాండ్రీ వదిన సైకిలు అక్కడే వదిలేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రం కూతురు ఫోను చేసింది. "ఏం చేశావమ్మా? అత్తయ్య పొద్దుటి నుంచీ మాట్లాడట్లేదు."

"అయ్యో, బాగా నొచ్చుకుందా?"

"నొచ్చుకుంది గానీ, ఇల్లెంత ప్రశాంతంగా ఉందో! నువ్వప్పుడే వచ్చి బతిమాలకు."

వస్తుందమ్మకు మాత్రం ఆ వారం ముద్ద దిగలేదు. మంచికి పోయి వియ్యపురాలి పరువు వీధిన పెట్టానే అని కుమిలింది. అయితే లాండ్రీ మూసి ఉందని, లోపల నేల తవ్వుతున్నారని, పైపును మురుగు లైనులోకి మళ్ళిస్తున్నారని కబురు తెలిసింది.

మరుసటి ఆదివారం అందరికంటే ముందొచ్చి నిలబడింది లాండ్రీ వదిన. జరిగినదాని ఊసెత్తలేదు. నేరుగా పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళింది.

"మీ ఆస్పత్రి నీళ్ళెక్కడికి పోతాయండీ?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"తెలీదా! అయితే పదండి, మీ వెనక గోడ చూద్దాం."

ఆ రోజు రిజర్వాయరు దాకా ఒక్కరూ చేరలేదు. రెండు వీధుల వెనక గోడలు తిరిగేసరికే మధ్యాహ్నమైంది. కాలవ గట్టున బోర్లా పడుకుని, తూములోకి తల దూర్చి లాండ్రీ వదిన కేకేసింది.

"వదినగారూ, ఆ టార్చి ఇలా ఇవ్వండి. ఇక్కడింకోటి దొరికింది!"