దేవదారు మిగిలేదాకా

మా పక్కింటి పిన్ని పోయిందని మొన్న అనకాపల్లి నుంచి ఫోను వచ్చింది. తొంభై దగ్గర పడ్డ మనిషి, నిండుగా బతికిందనే అనుకోవాలి. అనుకోవడం వరకే, దుఃఖం మాత్రం ఆగలేదు.

పిన్ని అంటే రక్తసంబంధం కాదు. పంతొమ్మిది వందల అరవైల్లో మా ప్రహరీ అవతల ఉండే సాయిబుల ఇంటి కోడలు. వాళ్ళాయనకు బజారులో అత్తరు కొట్టు. సీసా మూత వాసన చూసి బాగుందనేవాళ్ళంటే పిన్నికి ఒళ్ళుమంట. "సీసాలో ఉన్నంతసేపే అది మా కొట్టుది. వొంటి మీదకొచ్చేక మనిషిది. పూటంతా ఉంచుకుని అప్పుడు చెప్పు" అనేది.

మా నాన్న పోయేనాటికి అమ్మకు ముప్ఫై నిండలేదు. పూలూ బొట్టూ తీసేశారు. మా నాయనమ్మది ఇంట్లో పోలీసు ఉద్యోగం. స్నానం సబ్బు మారినా కనిపెట్టేసేది. "మొగుడు పోయినదానికి సోకులేటి?" అనేది. అమ్మ దేనికీ ఎదురు చెప్పేది కాదు. పిన్ని దగ్గర మాత్రం ఒకసారి ఏడ్చింది.

"పూలు పోతే పోయేయి చెల్లీ. నా వొంటికి పొయ్యి పొగ వాసన తప్ప ఇంకేటీ లేదు. నేను మనిసినేనా అనిపిత్తంది."

మర్నాడు పిన్ని చిన్న సీసా తెచ్చింది. లావెండరు, అంజీరు, దేవదారు కలిపిన అత్తరు. నాయనమ్మ కునుకు తీసే వేళ చూసి అమ్మ మణికట్టు మీద ఒక చుక్క రాసింది. అమ్మ రుద్దబోతే ఆపింది.

"రుద్దకక్కా. దాని మానాన దాన్ని ఆరనీ."

లావెండరు గుప్పుమంది. నాకు భయమేసింది. "అది చుట్టపుచూపుకి వచ్చింది, ఉండిపోదులే" అని పిన్ని నవ్వింది. కాసేపటికి పచ్చి అంజీరుకాయ తుంచితే కారే పాల వాసన వచ్చింది. నాయనమ్మ లేచి టీ అడిగేసరికి దేవదారొక్కటే మిగిలింది, అదీ చేతిని ముక్కుకి ఆనిస్తేనే. "ఎవరైనా అడిగితే దేవదారు పెట్టెలో బట్టలు సర్దేనని చెప్పు" అని కూడా పిన్నే నేర్పింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఇదే మా దొంగతనం. అమ్మ మళ్ళీ తల నున్నగా దువ్వుకుంది. నాకు మళ్ళీ కథలు చెప్పింది. పిన్ని రుణం నేను ఏ జన్మకీ తీర్చుకోలేను.

ఒక ముసురు రోజు దొరికిపోయాం. తడిగాలికి లావెండరు ఎంతకీ వదల్లేదు. నాయనమ్మ నిద్రలేచి నేరుగా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"తప్పు నాదే అత్తా. నేనే రాసేను" అంది పిన్ని.

నాయనమ్మ ఆ చెయ్యి వదల్లేదు, తిట్టలేదు. మా నాన్న ఉయ్యాల్లో ఉండగానే పసుపు కుంకాలు పోగొట్టుకున్న మనిషి ఆవిడ. తన కుడిచెయ్యి పిన్ని ముందుకు చాపింది.

"నాకూ ఓ సుక్క రాయే."

ఎండిన చర్మం మీద అత్తరు నిలవదని పిన్ని ముందు కొబ్బరినూనె రాసి, ఆపైన చుక్క వేసింది. సాయంత్రం అన్నం వడ్డిస్తే నాయనమ్మ చెయ్యి కడుక్కోనంది. "కడిగితే పోతాది" అంది. అమ్మ అన్నం కలిపి నోటికి అందిస్తుంటే, ఆవిడ ముద్ద ముద్దకీ మధ్య ఆ చెయ్యెత్తి వాసన చూసుకుంటూ కూచుంది.